సోమవారం రిజిస్టరు

సోమవారం జూకి సెలవు.
జంతువులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆరున్నరకి వంటశాల తలుపు తీస్తాను.
బీట్‌రూట్ కోసి కోసి
ఎర్రయ్యమ్మ చేతులు మోచేతుల దాకా ఎరుపు.
జనం చూస్తే జడుసుకుంటారని మిగతా రోజులు కడుక్కుంటుంది,
ఇవాళ అలాగే టీ తాగుతుంది.

నీటిగుర్రానికి గడ్డి, నాలుగు మోపులు.
ఎలుగుకి రాగిముద్ద, తేనె రెండు చెంచాలు.
పులికి ఉపవాసం.
సోమవారం కదా అని నవ్వుతాడు సూరప్పడు,
తోలు కట్టుకున్న సామి పేరు మీద
తోలున్నవాడు పస్తు.
నిజానికది డాక్టరుగారి లెక్క.

నా పని రాయడం.
ఇచ్చింది ఒక గడి, మిగిలింది ఒక గడి.
పదకొండేళ్ళుగా ఈ రెండు గడుల్లో
ఎన్ని ఆకళ్ళు సర్దానో.

నిన్న ఆదివారం.
గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి
పులిహోర కేరేజీలతో దిగారు.
సింహానికి వీపు తిప్పి
ఫోనులో జుట్టు సర్దుకున్నాడొకడు.
మొసలి మడుగులో ఒక పసుపుపచ్చ చెప్పు తేలింది,
రెండోదాన్ని చేత్తో పట్టుకుని
ఎండలో కుంటుతూ వెళ్ళిందొక పిల్ల.
జింకల దగ్గర ఇంకో పిల్లాడడిగాడు,
"నాన్నా, ఇవన్నీ ఎవరివి?"
వాళ్ళ నాన్న వేరుశనక్కాయ ఒలుస్తూ
"గవర్నమెంటువి" అన్నాడు.

ఇవాళ ఆ దారంతా ఖాళీ.
బ్యాటరీ బండి తిరిగే మలుపు కేసి
చూస్తూ కూర్చుంది చింపాంజీ.
రెండుసార్లు చప్పట్లు కొట్టి
తన చేతుల్ని తనే చూసుకుంది.
అరటిపళ్ళు ఆరు ఇస్తే నాలుగు మిగిలాయి.
రాశాను.

రోడ్డవతల సముద్రం
ఎప్పట్లానే పొర్లుతూ ఉంది.
పొద్దల్లా దాని చప్పుడు వింటూ
పులి ఒక చెవి అటు తిప్పి ఉంచుతుంది.
ఏ జంతువనుకుంటోందో.
ఇంత పెద్ద గొంతు, వాసన ఉప్పు,
ఒక్కసారైనా ఎదురుపడదు.

"మేడంగారూ, ఓపాలి రండి" అన్నాడు సూరప్పడు.
గొంతు తగ్గించాడు, సెలవు రోజైనా.

చిరుతపులి ఇంటి వెనక
రాత్రి వానకి మెత్తబడ్డ మట్టి.
కంబాలకొండ వైపు నుంచి
అడుగులు దిగి వచ్చాయి.
పువ్వు అచ్చొత్తినట్టు, ఒక్కోటి విడివిడిగా, తొందర లేకుండా.
వల దగ్గర ఆగాయి.
కూర్చున్న చోట మట్టి నున్నగా అణిగింది.
మళ్ళీ కొండెక్కిపోయాయి.

వల లోపల మన చిరుత
పదకొండు నంబరు, ఆడది, ఇక్కడే పుట్టింది,
కొండ ఎక్కలేదు ఎప్పుడూ.
దాని వైపు నేల
వల పొడుగునా గోళ్ళతో దున్నినట్టుంది.
నిన్న సాయంత్రం పెట్టిన మాంసం
ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చిన జాడ.
కండ లేదు.
ఎముక ఒకటి మాత్రం
వలకి అవతల, గడ్డిలో, శుభ్రంగా నాకి ఉంది.

ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.
ఎక్కడో నెమలి కూసింది,
అదీ కొండదే, టికెట్టు లేకుండా వచ్చేది.

"పైవోలకి తెలిస్తే ఇంకో వల ఏసెత్తారు"
అన్నాడు సూరప్పడు,
చీపురు తెచ్చాడు.
ఒక్కో అడుగునీ తుడుస్తూ వెనక్కి నడిచాడు,
ముగ్గు చెరుపుతున్నవాడిలా, కొంచెం బాధగా.
చివరి అడుగు దగ్గర ఆగి
దాని పక్కన తన అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు.
తర్వాత అదీ తుడిచాడు.

వంటశాలకి వచ్చి రిజిస్టరు తెరిచాను.
ఇచ్చింది: మూడు కిలోలు.
మిగిలింది.
ఆ గడి దగ్గర కలం చాలాసేపు ఆగింది.
ఎర్రయ్యమ్మ ఎర్రటి చేత్తో
టీ గ్లాసు నా ముందు పెట్టింది.
సున్నా చుట్టాను,
కాస్త వంకరగా వచ్చింది.

మంగళవారం గేటు తీశారు.
మధ్యాహ్నం దాకా చిరుత లేవలేదు.
"ఎప్పుడు చూసినా నిద్రే" అని
కటకటాల మీద గొడుగుతో కొట్టిందొకావిడ.
సూరప్పడు వెళ్ళి
గొడుగు మెల్లిగా దించి
"రాత్రి చుట్టాలొచ్చారండి" అన్నాడు.
ఆవిడ నవ్వింది, జోకనుకుని.